పొరుగు జట్టు దివాలా

పిఠాపురం రైల్వేస్టేషను దగ్గర ఒక టీ కొట్టు ఉన్నది. కాలేజీ వదిలాక నేనూ, నా దగ్గర చదువుకున్న కుర్రాళ్ళూ అక్కడ చేరటం కొన్నేళ్ళుగా అలవాటు. 2024 జనవరిలో ఒక సాయంత్రం ఆ కుర్రాళ్ళలో ఒకడు నవ్వుతూ వచ్చాడు. వాడు మూడేళ్ళు బెంగుళూరులో ఉద్యోగం చేసి వచ్చినవాడు. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకు వీరాభిమాని. దాని నీలం చొక్కా వేసుకునే ఊళ్ళో తిరుగుతాడు.

"పీడా విరగడైందండీ మాస్టారూ! హైదరాబాదు పని ఖాళీ. జీతాల్లేక విదేశీ ఆటగాళ్ళంతా మూటాముల్లే సర్దుకుంటున్నారండీ," అన్నాడు. అని, అందరికీ టీ చెప్పాడు.

ఆ టీ నేనూ తాగాను. దాచటం దేనికి? తాగటమే కాక, "డబ్బున్నవాళ్ళు కొనుక్కున్న బొమ్మ విరిగింది, మనకేంట్రా?" అని ఒక అభ్యుదయ వాక్యం కూడా పలికాను. కుర్రాళ్ళు మెచ్చుకున్నారు. ఈ వ్యాసం ఆ మాటను వెనక్కు తీసుకోవటానికి రాస్తున్నాను. ఒక పంతులు టీ కొట్టు దగ్గర పలికిన మాటకు ఇంత తతంగం ఎందుకంటారేమో. ఆ మాట నా ఒక్కడిదీ అయితే అవసరం లేదు. మనలో చాలామంది ఆటల గురించి ఆలోచించే తీరే అది. నీలం చొక్కా కుర్రాడి నవ్వులోనూ, నా అభ్యుదయ వాక్యంలోనూ ఉన్నది ఒకటే పొరపాటని ఇప్పుడు నాకు తోస్తున్నది.

ముందు జరిగినదేమిటో చూద్దాం.

హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2019 ఆగస్టు 27న పుట్టింది. పుట్టిందనటం కూడా సరి కాదు. పూణేలో ఉన్న క్లబ్బు మూతపడితే లీగులో ఖాళీ అయిన కుర్చీలో కొత్త యజమానులు కొత్త పేరుతో కూచున్నారు. మూడో ఏడే, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డా మైదానంలో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3-1తో ఓడించి ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచింది. మరుసటి ఏడు లీగు పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. ఆ తరవాతి ఏడు జీతాలు ఆగిపోయాయి. బకాయిలు చెల్లించలేదని, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య నిషేధాలు విధించింది. పేరున్నవాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో జట్టు 22 ఆటలు పూర్తి చేసి, ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. కప్పు ఎత్తిన రోజుకూ ఆ రోజుకూ మధ్య రెండేళ్ళు. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నది.

ఢిల్లీ సంగతి కూడా చూడండి. ఆ నగరానికి ఇదివరకు ఒక క్లబ్బు ఉండేది. హైదరాబాదుకు క్లబ్బు వచ్చిన ఆ 2019 ఆగస్టులోనే అది భువనేశ్వరానికి తరలి ఒడిశా క్లబ్బు అయింది. అంటే పూణేవాడి కుర్చీ హైదరాబాదువాడికీ, హైదరాబాదువాడి కుర్చీ ఢిల్లీవాడికీ వచ్చింది. ఢిల్లీవాడి పాత కుర్చీ భువనేశ్వరంవాడికి పోయింది. పెళ్ళిళ్ళలో పిల్లలు ఆడే కుర్చీలాట ఇది. తేడా ఒక్కటే: ఈ ఆటలో పాట ఎప్పుడు ఆపాలో, కుర్చీ ఎప్పుడు లాగాలో నిర్ణయించేవాడు చుట్టూ పరిగెత్తేవాళ్ళలో లేడు.

మరి దివాలా తీసినది ఎవరు? "హైదరాబాదు దివాలా తీసింది" అని మన కుర్రాడు అన్నాడు. హైదరాబాదు అంటే ఎవరు? డబ్బు పెట్టినవాడు నష్టపోయి ఉండవచ్చు. కాని వాడు వాటా అమ్ముకుని బయటపడగలడు. జీతం రాని గోల్‌కీపరు తన ఆయుష్షులో ఆ ఏడాదిని ఎవరికి అమ్ముకుంటాడు? ఫుట్‌బాల్ ఆటగాడి పనికాలం పదీ పన్నెండేళ్ళు. మోకాలు ఒకసారి తిరగబడితే అదీ ఉండదు. మైదానంలో గడ్డి కోసేవాడూ, బట్టలుతికేవాడూ, కాళ్ళకు కట్లు కట్టేవాడూ పత్రికలకు ఎక్కరు. వాళ్ళ బకాయిల గురించి అంతర్జాతీయ సమాఖ్య దాకా పోయి ఫిర్యాదు చెయ్యటానికి వాళ్ళకు వకీళ్ళు లేరు. అభిమాని సంగతి సరేసరి. వాడు టిక్కెట్టు కొన్నాడు, చొక్కా కొన్నాడు, గొంతు చించుకున్నాడు. తన క్లబ్బు ఢిల్లీకి పోయిందని వాడికి పత్రికలు చెప్పాయి.

ఆ జట్టు ఆడిన గచ్చిబౌలి మైదానం పేరు మన జిల్లావాళ్ళకు బాగా తెలిసినదే. లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002లో హెలికాప్టరు ప్రమాదంలో పోయిన కోనసీమవాడు బాలయోగి పేరు దానికి పెట్టారు. 2003లో అక్కడ ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. ప్రజల డబ్బుతో కట్టినది. మైదానం ప్రజలదీ, చప్పట్లు ప్రజలవీ. క్లబ్బు మాత్రం సొంత ఆస్తి. ఈ చిన్న లెక్క సరిపోల్చుకోకుండా దివాలా గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

ఇక నవ్వు సంగతి.

పోటీ జట్టు కష్టంలో పడితే నవ్వటం సహజమే గదా అంటారు. ఇది మనకు కొత్త కాదు. ఒక సినిమా నటుడి బొమ్మ పోతే రెండో నటుడి అభిమానులు సెంటర్లో టపాకాయలు కాల్చటం మన ఊళ్ళలో అందరూ చూసినదే. ఆ బొమ్మ పోవటంతో నటుడికి పోయేదేమీ లేదు. అతను తరవాతి బొమ్మకు అడ్వాన్సు తీసుకునే ఉంటాడు. పోయేది లైటు మోసినవాడి కూలీ, అప్పుచేసి ప్రింటు తెచ్చుకున్న చిన్న హాలువాడి పెట్టుబడి. టపాకాయలు కాల్చే కుర్రాడు సాధారణంగా అలాంటి ఇంటినుంచి వచ్చినవాడే. తనవంటివాడి కడుపు కాలుతుంటే ఆ వెలుతురులో చిందులేస్తున్నానని వాడికి తెలియదు. తెలియకుండా ఉంచటంలోనే ఈ వ్యాపారం కిటుకంతా ఉన్నది.

ఈ నవ్వులో ఇంకొక పొరపాటు ఉన్నది. పోటీ లేనిదే ఆట లేదు. ఈ సంగతి మా ఊరివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వందేళ్ళ క్రితం పిఠాపురం ఆస్థానంలో ఉన్న వేంకట రామకృష్ణ కవులకూ, తిరుపతి వేంకట కవులకూ జరిగిన పద్యయుద్ధం తెలుగు పండితలోకాన్ని రెండు పక్షాలు చేసింది. ఆ తగాదాలో సభ్యత దాటిన మాటలు లేకపోలేదు. కాని ఒక జంట కలం ఎత్తితేనే రెండో జంట కలానికి పదును వచ్చింది. ఎదుటివాడికి సిరాబుడ్డి కొనటానికి డబ్బు లేకుండా పోవాలని కోరుకున్న కవి, తన సగం కావ్యాన్ని తానే చంపుకున్నవాడవుతాడు. ఎదుటి జట్టు ఓడిపోవాలని కోరుకోవటం ఆట. ఎదుటి జట్టు లేకుండా పోవాలని కోరుకోవటం ఆటకు శత్రుత్వం. ఈ రెంటికీ తేడా తెలియని అభిమానం అభిమానం కాదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. దాన్ని తప్పించుకుపోతే ఈ వ్యాసానికి విలువ ఉండదు.

"వాళ్ళు లేని డబ్బు ఖర్చు పెట్టి మా మీద గెలిచారు. మేం ఉన్నంతలో ఆడి, అందరికీ జీతాలిచ్చి ఓడిపోయాం. అప్పు చేసి గెలిచినవాడు చివరికి పట్టుబడితే మేం నవ్వకూడదా? అది న్యాయం జరగటం కాదా?" అని అడుగుతారు. ఇది అసూయతో పుట్టిన వాదం కాదు. ఇందులో న్యాయం ఉన్నది. స్కాట్‌లండులో గ్లాస్గో రేంజర్స్ క్లబ్బు పన్నుల బకాయిలలో కూరుకుపోయి 2012లో కుప్పకూలింది. పన్ను అంటే ఆసుపత్రుల డబ్బు, బడుల డబ్బు. క్లబ్బు ఆస్తులు కొన్న కొత్త కంపెనీని పై లీగులోనే ఉండనివ్వాలని కొందరు పెద్దలు ప్రయత్నించారు. రేంజర్స్ లేకపోతే టెలివిజన్ డబ్బు పోతుందని బెదిరించారు. తక్కిన క్లబ్బుల అభిమానులు ఒప్పుకోలేదు. తమ క్లబ్బుల మీద ఒత్తిడి తెచ్చారు. చివరకు కొత్త కంపెనీ నాలుగో శ్రేణినుంచి ఆట మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ అభిమానులు చేసినది ముమ్మాటికీ సరైన పని. తమ క్లబ్బుకు రాబడి తగ్గినా సరే నియమం నియమమేనన్నారు. ఇది పోటీ అభిమాని చెయ్యగల పనుల్లో ఉత్తమమైనది.

అదే రోజుల్లో సెల్టిక్ అభిమానులు రేంజర్స్ చస్తే ఐస్‌క్రీం తింటామని పాటలు పాడుకున్నారు. రెండూ ఒకటేనా? నియమం అమలు కావాలన్నవాడు యజమానిని పట్టుకున్నాడు. ఐస్‌క్రీం పాట పాడినవాడు, టిక్కెట్టు కొనటం తప్ప ఏ నేరమూ చెయ్యని ఎదుటి అభిమానిని పట్టుకున్నాడు. లెక్కలు దాచినది ఎవరు, బాధపడినది ఎవరు అన్న ప్రశ్న మొదటివాడు వేశాడు, రెండోవాడు వెయ్యలేదు. శిక్ష పడాలి. మోసం చేసినవాడి మీద పడాలి. జీతాల బకాయి ఉన్న యజమాని వాటా అమ్ముకోవటానికి వీల్లేకుండా చట్టం ఉంటే నేనూ టీ పోయిస్తాను. కాని మన కుర్రాడు నవ్విన రోజున శిక్ష పడినది ఎవరికి? ఆ జట్టులో మిగిలి, వారంవారం ఓడిపోతూ, ప్రతి ఊళ్ళో ఎగతాళి పడుతూ, ఆటను మాత్రం వదలని పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళకు.

ఇక ఆ నవ్వుకు జవాబు చరిత్ర చాలా త్వరగా ఇచ్చింది. దేశంలో ఫుట్‌బాల్‌ను నడిపే సమాఖ్య తన వ్యాపార హక్కులన్నీ 2010లో పదిహేనేళ్ళకు ఒక ప్రైవేటు సంస్థకు రాసిచ్చింది. ఆ ఒప్పందం గడువు 2025 డిసెంబరు. గడువు దగ్గరపడినా కొత్త ఒప్పందం కుదరక, 2025 జులైలో లీగును ఆపి ఉంచుతున్నామని నిర్వాహకులు క్లబ్బులకు చెప్పారు. ఆగస్టు మొదటివారంలో బెంగుళూరు క్లబ్బు తన ఆటగాళ్ళ, సిబ్బంది జీతాలను నిరవధికంగా నిలిపివేసింది. ఒడిశా క్లబ్బు కాంట్రాక్టులనే ఆపివేసింది. నీలం చొక్కా కుర్రాడు ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర తల వంచుకు కూచున్నాడు.

"హైదరాబాదువాళ్ళెవరూ నన్ను చూసి నవ్వలేదండీ మాస్టారూ," అన్నాడు చాలాసేపటికి.

"నవ్వటానికి అక్కడ ఎవరు మిగిలార్రా?" అన్నాను.

వాణ్ణి గెలిచినందుకు నాకు సంతోషం కలగలేదు. నేను తాగిన టీ జ్ఞాపకం వచ్చింది.

నవ్వటమే లోకసహజమనీ, ఇంకొకటి సాధ్యం కాదనీ అనేవాళ్ళకు మూడు సంగతులు చెబుతాను. ఇంగ్లండులో బ్రైటన్ క్లబ్బు మైదానాన్ని యజమానులు అమ్మేశారు. 1997 ఫిబ్రవరి 8న ఆ క్లబ్బు ఆటకు దేశం నలుమూలలనుంచీ వేరువేరు క్లబ్బుల అభిమానులు తమ తమ చొక్కాలతోనే వచ్చి బ్రైటన్‌వాళ్ళ పక్కన నిలబడ్డారు. జర్మనీలో హాంబర్గు రేవు ప్రాంతపు క్లబ్బు సెయింట్ పౌలీ 2003లో మునిగిపోబోతుంటే, అంతకుముందు ఏడాదే దాని చేతిలో ఓడిన బాయర్న్ మ్యూనిక్ వచ్చి, డబ్బు తీసుకోకుండా ఒక ఆట ఆడి, వసూలు దానికి వదిలేసింది. మూడోది మన దేశంలోదే. కలకత్తాలో 2024 ఆగస్టు 18న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఆట జరగవలసి ఉండగా, ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి మీద జరిగిన ఘోరంపై నిరసన చెలరేగుతుందని ఆట రద్దు చేశారు. ఆట లేదన్నా అభిమానులు సాల్ట్ లేక్ మైదానం బయటికి వచ్చారు. ఎర్ర-పసుపు చొక్కాలూ, ఆకుపచ్చ-మెరూన్ చొక్కాలూ కలిసి, మొహమెడన్‌వాళ్ళతోపాటు, న్యాయం కావాలని నినాదాలిచ్చాయి. లాఠీలు కలిసే తిన్నాయి. ఇదే కలకత్తాలో 1980 ఆగస్టు 16న ఈ రెండు జట్ల ఆట దగ్గర జరిగిన కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. అదే నగరం, అదే వైరం. మనుషులు మారలేరనటం చరిత్ర చదవనివాళ్ళ మాట.

ఇంతవరకూ అభిమానిని తప్పుపట్టాను. ఇప్పుడు మన సంగతి.

ఆట అంటే జనానికి పోసే మత్తుమందు అనటం మన శిబిరంలో పాత అలవాటు. జనం ఆదివారం మైదానానికి పోతే మన సభకు రారని మన బెంగ. కాని భారత ఫుట్‌బాల్‌కు ఆధునిక రూపం ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం మనవంటివాడే, హైదరాబాదు బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో, వంట్లో జబ్బుతోనే, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. మరుసటి జూన్‌లో కన్నుమూశాడు. అమ్ముగూడ పేదవాడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఈ బడినుంచి వచ్చినవాడే. 1957లో అతను ఈస్ట్ బెంగాల్‌కు వెళితే దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న కాందిశీకులు అతన్ని తమ బిడ్డ అనుకున్నారు. అంతకుముందు ఆ క్లబ్బువాళ్ళు పంచపాండవులని పిలుచుకున్న అయిదుగురు ముందువరస ఆటగాళ్ళలో ఒకడి పేరు అప్పారావు. ఇదంతా మత్తుమందేనా?

ఆ పాత రోజులను స్వర్ణయుగమని నేననను. పోలీసు జట్టు కప్పులు గెలుస్తున్న తొలి రోజుల్లో తెలంగాణా పల్లెల్లో పోలీసు అన్న మాటకు అర్థం వేరు. రైతుల రక్తం ఇంకా ఆరలేదు. ఆటగాడికి ఆ శాఖ ఇచ్చినది నెలజీతం, పనికి భద్రత. అది మంచిదే. కాని అధికారి దయ ఉన్నన్నాళ్ళే జట్టు. ఫగ్వారా మిల్లు యజమానులు నడిపిన జేసీటీ జట్టు 2011లోనూ, బొంబాయి మహీంద్రా జట్టు 2010లోనూ యజమానుల నిర్ణయంతోనే మూతపడ్డాయి. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు ప్రశ్న. ఒక మనిషి మనసు మారితే వేలమంది మనసు విరిగే ఏర్పాటు ఎందుకుండాలి అన్నది.

దీనికి మా ఊళ్ళోనే ఒక పాఠం ఉన్నది. సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం మహారాజా పోషణతో మొదలైంది. జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. రాజుగారి ఖజానాతోనే నిఘంటువు ఆగిపోవలసింది, ఆగలేదు. మిగిలిన పని తరవాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేతుల మీదుగా పూర్తయింది. జమీందారు కొలువు కూలినందుకు మనం సంతోషించాం, సంతోషించవలసిందే. కాని మాటల మూట కూడా గోదాట్లో కలవాలని యే అభ్యుదయవాదీ కోరలేదు. పోషకుడు వేరు, పోషించబడిన వస్తువు వేరు అని నిఘంటువు విషయంలో మనకు తెలుసు. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైంది? "బొమ్మ విరిగితే మనకేం?" అన్న నా వాక్యం జమీందారుతోపాటు నిఘంటువును కూడా తగలబెట్టే వాక్యం.

సర్కారుకు అప్పగిస్తే సరిపోతుందా అంటే, పోదు. ఆ సాహిత్య అకాడమీని 1983లో ఒక ప్రభుత్వమే రద్దు చేసింది. కలం ఎవరి చేతిలో ఉన్నా ఒకే ఒక చేతిలో ఉంటే ప్రమాదమే. జర్మనీలో 1998 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యులకే ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా నియమం నిలిచే ఉన్నది. ఇంగ్లండులో బరీ అన్న 1885 నాటి క్లబ్బును లీగు బయటికి గెంటినది 2019 ఆగస్టు 27న, హైదరాబాదు క్లబ్బు పుట్టిన రోజునే. ఆ ఉదయం దాని అభిమానులు, ఆట ఉంటుందన్న ఆశతో, మైదానం కుర్చీలు తుడుస్తూ ఉన్నారు. అలాంటి చావులు చూసిన తరవాత అక్కడ 2025లో ఫుట్‌బాల్ క్లబ్బుల లెక్కలు తనిఖీ చేసే స్వతంత్ర సంస్థను చట్టం చేసి పెట్టారు. పోర్ట్స్‌మత్ క్లబ్బును 2013లో అభిమానులే చందాలు వేసుకుని కొని, నాలుగేళ్ళు నడిపి, అప్పులు తీర్చారు. మా పక్కన ఉప్పాడలో నేతగాళ్ళకు సహకారసంఘం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని మంచీ తెలుసు, దాన్ని పెత్తందార్లు మింగే తీరూ తెలుసు. ఆ తెలివితోనే ఆటలోనూ సంఘాలు కట్టుకోవాలి.

కాబట్టి మనం అడగవలసినవి నాలుగు. ఆటగాడి జీతం, బట్టలుతికేవాడి జీతం సీజను మొదలుకాకముందే వేరే ఖాతాలో జమ పడాలి. ఆ పై మాటే లీగు ప్రవేశం. క్లబ్బు పేరు, రంగులు, ఊరు అభిమానుల ఓటు లేకుండా మారకూడదు. ప్రజల మైదానం వాడుకునే క్లబ్బు తన లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. ఆటగాళ్ళకూ, సిబ్బందికీ కలిపి బలమైన యూనియను ఉండాలి. ఇవి ఏ ఒక్క క్లబ్బు అభిమానులూ సాధించలేరు. నీలం చొక్కా, పసుపు చొక్కా కలిసి అడిగితేనే సాధ్యం. యజమానులు లీగు బల్ల చుట్టూ కలిసే కూచుంటారు. విడివిడిగా నవ్వుకునేది మనమే.

ఇప్పుడు ఆ కుర్రాడు టీ కొట్టు దగ్గర ఎవరైనా ఓడిపోయిన జట్టును ఎగతాళి చేస్తే తానూ కలిసి చేస్తాడు. అది ఆట మర్యాద. జీతాలు ఆగాయని ఎవరైనా నవ్వబోతే మాత్రం, "ఎన్ని నెలలవండీ?" అని అడుగుతున్నాడు. వాడు నా దగ్గర నేర్చుకున్నది కాదు ఇది. వాణ్ణి చూసి నేనే నేర్చుకున్నాను.